పంచశీల తప్పితే పాపమా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మా బౌద్ధ విహారంలో ఆదివారం వందనలో పంచశీల చెప్పిస్తుంటాను. ప్రాణం తీయడం, దొంగతనం, తప్పుడు లైంగిక నడవడి, అబద్ధం, మత్తు, ఈ ఐదింటికీ దూరంగా ఉంటామనే ఐదు శీలాలవి. చెప్పించేటప్పుడు, ఐదో వాక్యం దగ్గరికి రాగానే తలెత్తి చూడటం నాకు అలవాటైపోయింది. 'సురామేరయమజ్జ పమాదట్ఠానా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి' అని నేను అనగానే, అప్పటిదాకా గట్టిగా పలికిన గొంతుల్లో రెండో మూడో ఆగిపోతాయి. చేతులు జోడించే ఉంటాయి, పెదవులు మాత్రం కదలవు. వాళ్లకు శ్రద్ధ లేక కాదు. బుద్ధుడి ముందు ఒప్పుకుని రేపు తప్పితే పాపం చుట్టుకుంటుందని భయం.

తెలంగాణలో ఒక చిన్న పట్టణంలో పదిహేడేళ్లుగా వందన చేయిస్తున్నాను. ఉపాసకుల, అంటే బుద్ధుణ్ని అనుసరించే గృహస్థుల ఇళ్లలో ఈ ఒక్క భయం చేసిన నష్టం మరే అపోహా చేయలేదు. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: పంచశీల అంటే ఒట్టు. ఒక్కసారి తప్పితే అంతా పోయినట్టే.

ఆ పాలి వాక్యాన్నే విడదీసి చూడండి. వేరమణీ అంటే దూరంగా ఉండటం. సమాదియామి అంటే స్వీకరిస్తున్నాను. మధ్యలో ఉన్న సిక్ఖాపదం మనవాళ్లను కంగారు పెడుతుంది. సంస్కృతంలో అది శిక్షాపదం. తెలుగులో శిక్ష అనగానే మనకు జైలు, బెత్తం గుర్తొస్తాయి. పాలిలో సిక్ఖా అంటే దండన కాదు, నేర్చుకోవడం, శిక్షణ. 'మత్తు పదార్థాలకు దూరంగా ఉండటం అనే అభ్యాసాన్ని స్వీకరిస్తున్నాను', అంతే ఆ వాక్యం. అందులో ఆజ్ఞాపించేవాడు లేడు. తప్పితే ఏమవుతుందన్న మాటా లేదు.

మన దగ్గర ఇంకో కలగాపులగం కూడా ఉంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మొదట భిక్షువు చంద్రమణి మహాస్థవిరుల దగ్గర త్రిశరణ (బుద్ధుడు, ధర్మం, సంఘం అనే మూడింటినీ శరణు కోరడం) పంచశీల స్వీకరించారు. ఆ తర్వాత తన వెంట వచ్చిన లక్షల మందికి ఆయనే 22 ప్రతిజ్ఞలు చేయించారు. దొంగతనం చేయను, అబద్ధమాడను, తాగను అనే మాటలు ఆ ప్రతిజ్ఞల్లోనూ ఉన్నాయి. పాత కట్టుబాట్లు తెంచుకుని కొత్త జీవితంలోకి అడుగుపెడుతున్న జనానికి అంత గట్టి మాట అవసరమైంది. పంచశీల మాత్రం ఒకసారి చెప్పి ఊరుకునేది కాదు. ప్రతి వందనలో మళ్లీ మళ్లీ తీసుకుంటాం. తప్పితే పనికిరాకుండా పోయేదే అయితే, ప్రతి పున్నమికీ మళ్లీ తీసుకునే ఆచారం ఎందుకుంటుంది?

థాయ్ సంప్రదాయంలో శీలాలు అడిగేటప్పుడు 'విసుం విసుం రక్ఖణత్థాయ' అనే మాట కలుపుతారు. 'విడివిడిగా కాపాడుకోవడానికి' అని అర్థం. ఐదింటిలో ఒకటి జారితే ఆ ఒక్కటే జారుతుంది, మిగతా నాలుగూ అలాగే ఉంటాయి. జారినదాన్ని మళ్లీ తీసుకోవాలి. ఇంత చిన్న సంగతి ముందే తెలిసి ఉంటే మా మెకానిక్ తమ్ముడికి ఆరు నెలలు వృథా అయ్యేవి కావు.

అతనికి లారీ షెడ్డు ఉంది. వైశాఖ పున్నమినాడు తొలిసారి పంచశీల తీసుకున్నాడు. దాదాపు ఐదు నెలలు చుక్క ముట్టలేదు. దసరాకి బావమరిది ఇంట్లో గ్లాసు చేతికిచ్చారు, తాగాడు. ఆ తర్వాతి ఆదివారం నుంచి విహారానికి భార్య ఒక్కతే వచ్చేది. అడిగితే 'పనుందట అన్నా' అని తల దించుకునేది. పనుందేమోననుకుని నేనూ పట్టించుకోలేదు. అది నా పొరపాటు.

చివరికి ఒకరోజు షెడ్డుకి వెళ్లాను. లారీ కింద పడుకుని ఉన్నాడు, గ్రీజు పట్టిన కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. బయటికి రాకుండా అక్కడి నుంచే మాట్లాడాడు.

"బుద్ధుడి ముందు నోటితో చెప్పి తప్పిన అన్నా. మాట తప్పినోడు ఏ మొహం పెట్టుకొని వస్తడు?"

"మరి ఆ రోజు తర్వాత?"

"ఎట్లాగూ తప్పిపాయె గదా. రోజూ తాగుతున్న."

ఒక్క పండగ రోజు తాగుడు ఆరు నెలల తాగుడైంది. అలా చేసింది ఆ గ్లాసు కాదు. 'ఎలాగూ తప్పింది కదా' అనే మాట. దాన్ని అతని నెత్తికెక్కించింది మనలాంటి వాళ్లమే. 'శీలం తీసుకుని తప్పేకంటే తీసుకోకపోవడమే మేలు' అని విహారం మెట్ల మీద కూర్చుని చెప్పే పెద్దమనుషులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దయచేసి ఆ మాట మానండి.

ఈ సమస్య బుద్ధుడి కాలంలోనే ఉంది. నలందా దగ్గర పావారిక మామిడి తోటలో, అసిబంధకపుత్రుడనే గ్రామపెద్దతో ఆయన మాట్లాడిన సందర్భం సంయుత్త నికాయం అనే పాలి గ్రంథంలో కనిపిస్తుంది. ప్రాణం తీసినవాడు, దొంగిలించినవాడు, అబద్ధమాడినవాడు, ప్రతివాడూ నరకానికే పోతాడని బోధించే గురువు మాట నమ్మితే ఏమవుతుందో బుద్ధుడు అక్కడ వివరిస్తాడు. వినేవాడు 'నేను చేశాను కాబట్టి నాకు నరకమే గతి' అనుకుంటాడు. ఆ అభిప్రాయాన్నే పట్టుకుని వేలాడతాడు. ఆ అభిప్రాయమే అతన్ని కిందికి లాగుతుంది. సరిగ్గా విన్న శ్రావకుడు అలా చేయడు. 'నేను చేసింది మంచిది కాదు. ఎంత కుమిలినా జరిగింది జరగకుండా పోదు' అని గుర్తించి, ఆ పని వదిలేసి, ఇకముందు దూరంగా ఉంటాడు. ఆ మనసుతోనే మైత్రిని నాలుగు దిక్కులకూ వ్యాపింపజేస్తాడు.

అంటే తప్పినా ఫర్వాలేదని కాదు. చేసింది మంచి పని కాదని ఒప్పుకోవడమే మొదటి మెట్టు. అక్కడే కూలబడిపోవద్దని మాత్రమే అంటున్నాను.

ఇంతకీ శీలం ఎందుకు? ఈ ప్రశ్న బుద్ధుడి శిష్యుడు ఆనందుడే అడిగాడు. బుద్ధుడిచ్చిన జవాబు స్వర్గం కాదు, పుణ్యం కాదు. అవిప్పటిసారం. పశ్చాత్తాపం పొడవకుండా ఉండటం. దాన్నుంచి ప్రమోదం, ప్రీతి, శాంతి, సుఖం, సమాధి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చివరికి ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం, విముక్తి. కాబట్టి శీలం బుద్ధుడికి మనం కట్టే పన్ను కాదు, మన మనసు కుదురుగా కూర్చోవడానికి వేసుకునే చాప. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో ధ్యానం నేర్పకముందే శీలాలు ఇచ్చేది కూడా ఇందుకే.

ఇది నాకు గ్రంథంలో అర్థం కాలేదు, అక్క దగ్గర అర్థమైంది. నాన్న ఆసుపత్రి బిల్లు సగం సగం పెట్టుకోవాలనుకున్నాం. నేను అసలు బిల్లు మీద ఆరు వేలు ఎక్కువ చెప్పి, అక్క దగ్గర మూడు వేలు అదనంగా తీసుకున్నాను. అప్పుడు నాకు డబ్బుకు చాలా ఇబ్బందిగా ఉంది, నిజమే. ఆ తర్వాత రోజూ సాయంత్రం కళ్లు మూసుకుని శ్వాస మీద మనసు పెడితే, పది నిమిషాలు గడవకముందే అక్క చేతులు కనబడేవి. వేలు తడి చేసుకుని ఒక్కో నోటూ లెక్కపెడుతున్న చేతులు. ఏడాదిపాటు ధ్యానం కుదరడం లేదని, కూర్చునే పద్ధతిలో లోపముందని అనుకున్నాను. చివరికి వెళ్లి చెప్పి డబ్బులిచ్చేశాను. అక్క "నాన్న విషయంలో కూడానా?" అని లోపలికి వెళ్లిపోయింది. రెండు వారాలు మాట్లాడలేదు. బాధగానే ఉంది. కానీ కళ్లు మూసుకుంటే ఆ చేతులు మళ్లీ రాలేదు.

ఇక మిగతావి త్వరగా చూసేద్దాం.

అపోహ: తెలియక చీమను తొక్కినా శీలం పోతుంది. పోదు. చేతన, అంటే ఉద్దేశమే కర్మ. చూపులేని చక్ఖుపాల స్థవిరుడు నడుస్తుంటే కాళ్ల కింద పురుగులు చచ్చాయని తోటి భిక్షువులు ఫిర్యాదు చేస్తే, ఆయనకు చంపే ఉద్దేశం లేదని బుద్ధుడు తేల్చేశాడు. అయితే పత్తికి మందు కొట్టే రైతులు ఇదే జవాబు తమకూ వర్తిస్తుందా అని అడుగుతారు. పురుగు చావాలనే కొడతాం కాబట్టి వర్తించదు. నేను అబద్ధం చెప్పను. అలాగని అప్పులో ఉన్న రైతును పంట వదిలెయ్యమనీ చెప్పను. లింగాకర్షక బుట్టలు పెట్టి, వేప కషాయం వాడి, కొట్టే సార్లు తగ్గించుకుంటూ రండి. మిగతా నాలుగు శీలాలకు పత్తి చేను అడ్డు రాదు.

అపోహ: పంచశీల అంటే మాంసం మానడం. మొదటి శీలం ప్రాణం తీయడం గురించి. తన కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానమున్నా ఆ మాంసం తీసుకోవద్దని భిక్షువులకు చెప్పిన నియమం జీవక సుత్తంలో ఉంది. మహాయాన సంప్రదాయాల్లో చాలామంది పూర్తిగా మానేస్తారు. మీరూ మానేస్తే సంతోషం. మానలేదని వందనకు రావడం ఆపకండి.

అపోహ: శీలాలు భిక్షువులకు, మనకు దానం చాలు. భిక్షువులకు థేరవాద బౌద్ధ సంప్రదాయంలో 227 నియమాలు వేరే ఉన్నాయి. ఈ ఐదూ గృహస్థులవే. శీలవంతుడైన గృహస్థుడు ఏ సభలోకైనా బెరుకు లేకుండా వెళ్లగలడని పాటలిగ్రామంలో బుద్ధుడు చెప్పింది ఉపాసకులతోనే. దానం సంగతంటారా, శీలం పాటించడమే అసంఖ్యాక ప్రాణులకు అభయదానం అని కూడా ఆయనే చెప్పాడు. మీరు తాగి రారని తెలిసిన ఇంట్లో పిల్లలు నిద్రపోయే తీరు చూస్తే ఆ మాటకు అర్థం తెలుస్తుంది.

అపోహ: తప్పితే భంతే (భిక్షువు) వచ్చేదాకా ఆగాలి. అక్కర్లేదు. ఆ రోజే, మీ ఇంట్లోనే, త్రిశరణం చెప్పుకుని ఆ శీలాన్ని మళ్లీ తీసుకోవచ్చు. నమ్మకమైన ఒక మనిషికి జరిగింది చెప్పుకుంటే ఇంకా మంచిది. కొడుకు రాహులుడికి బుద్ధుడు నేర్పింది కూడా ఇదే. చేసిన పని చెడ్డదని తెలిస్తే జ్ఞానులైన తోటివారి ముందు విప్పి చెప్పు, ఇకముందు జాగ్రత్తపడు. ఒక్క హెచ్చరిక. తాగకపోతే చేతులు వణికేంత, ఫిట్స్ వచ్చేంత అలవాటున్నవాళ్లు శీలం తీసుకున్నామని ఒక్కసారిగా మానేయకండి. ముందు డాక్టర్ని కలవండి. ప్రాణానికే ప్రమాదం.

మెకానిక్ తమ్ముడు ఆ తర్వాతి పున్నమికి వచ్చాడు. వెనక గోడ దగ్గర కూర్చున్నాడు. అప్పటి నుంచి ఇప్పటికి రెండుసార్లు జారాడు. రెండుసార్లూ మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. నేను ఐదో శీలం ఒక్కో ముక్కా చెప్తుంటే వెనకాలే చెప్పాడు. 'సమాదియామి' అనేటప్పటికి షెడ్డులో ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు మొదలైంది. "ఉంట అన్నా, బండొచ్చింది" అని ఫోన్ పెట్టేశాడు.