డబ్బా మారిస్తే పురుగు ఆగదు: వంటింటి సరుకుల మీద అపోహలు - వాస్తవాలు

చెన్నైలో వంటింటి సరుకులు సర్దిపెట్టే పనిలో ఉన్నవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న "ఏ డబ్బాలు కొనమంటారు?" అనే. పెరంబూర్‌లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లు అడిగినా, ఉద్యోగానికని షోళింగనల్లూరులో ఈమధ్యే ఫ్లాట్ తీసుకున్న కొత్త జంట అడిగినా ఇదే. తీరా అల్మారా తెరిస్తే డబ్బాలకు లోటుండదు. వేలు పోసి కొన్న సెట్లు రెండు మూడు ఉంటాయి. వాటిలోనే పెసలు పుచ్చి, బొంబాయి రవ్వ ఉండలు కట్టి కనిపిస్తుంది. అందుకే మిగతా వాటికంటే ముందు ఈ సంగతి తేల్చాలి.

అపోహ: ఎయిర్‌టైట్ డబ్బాలో పోస్తే పురుగు పట్టదు.

పురుగు చాలావరకు డబ్బాలోకి దూరి రాదండీ, సరుకుతోనే వస్తుంది. బియ్యంలో కనిపించే ముక్కు పురుగు గింజకు చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, జిగురులాంటి పదార్థంతో ఆ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. కంటికి ఆనదు, జల్లెడకు చిక్కదు. పిల్ల పురుగు గింజ లోపలే తిని పెరిగి, రెక్కలొచ్చాక బయటికి వస్తుంది. పెసలు, బొబ్బర్లు, శనగలకు పట్టే పుచ్చు పురుగు అయితే చేనులో కాయ మీదనే మొదలవుతుంది. గింజ మీద అంటుకున్న తెల్లటి చుక్కలు దాని గుడ్లే. కొట్లో కొనేటప్పుడు గుప్పెడు పెసలు అరచేతిలో పోసుకుని వెలుతురులో చూడండి. చుక్కలున్నాయంటే ఆ బస్తా వదిలేయండి. గుండ్రటి చిల్లు కనిపించిందంటే అందులోంచి పురుగు ఇప్పటికే బయటపడింది.

అలాంటి సరుకును ఎంత ఖరీదైన డబ్బాలో పోసినా, పురుగును లోపల పెట్టి మూత వేసినట్టే. డబ్బా అంచుల దాకా నింపి నెలల తరబడి మూత తీయకపోతే లోపలి ఆక్సిజన్ తగ్గిపోయి పురుగులు చచ్చే మాట నిజమే. ధాన్యం నిలవకు వాడే గాలి చొరని సంచులు పనిచేసేది ఈ పద్ధతిలోనే. కానీ ఇంట్లో బియ్యం డబ్బా రోజుకు రెండుసార్లు తెరుస్తాం, సగం ఖాళీగా ఉంచుతాం. ఇక ఆక్సిజన్ తగ్గేదెక్కడ?

మంచి డబ్బా వల్ల వచ్చే లాభాలు రెండు. చెన్నై గాలిలోని చెమ్మ లోపలికి రాదు, ఒక డబ్బాలో పుట్టిన పురుగు పక్క డబ్బాలోకి పాకదు. అంతకుమించి ఆశించొద్దు.

అసలు చూసుకోవాల్సింది రోజుల లెక్క. మన ఊరి వేడికీ చెమ్మకూ ముక్కు పురుగు గుడ్డు నుంచి పురుగై బయటికి రావడానికి సుమారు నాలుగైదు వారాలు చాలు. ఒక్క ఆడ పురుగు తన జీవితకాలంలో మూడు వందలకు పైగా గుడ్లు పెట్టగలదు. ఇప్పుడు మీ బస్తా సంగతి చూడండి. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ వచ్చాక మిల్లులు 26 కిలోల బస్తాలు కుట్టడం మొదలుపెట్టాయి. ముగ్గురున్న ఇంట్లో రోజుకు అరకిలో వండితే ఆ బస్తా 52 రోజులు వస్తుంది. అంటే మొదటి కాన్పు పురుగులు బయటపడి మళ్లీ గుడ్లు పెట్టేంత గడువు మీరే ఇస్తున్నారు. "మొదటి నెల బాగానే ఉందండీ, తర్వాతే పట్టింది" అని అందరూ చెప్పేది ఇందుకే.

కాబట్టి నెలలో అయిపోయేంతే కొనండి. ముగ్గురికి బియ్యం 15 కిలోలు, కందిపప్పు 2, మినపగుళ్లు 2, రవ్వ అరకిలో చొప్పున. బస్తా ధర కలిసొస్తుందనుకుంటే పక్కింటివాళ్లతో పంచుకోండి. ఊళ్లో ధాన్యం, పప్పులు ఏడాదికి సరిపడా నిలవ చేసేవాళ్లంటే, వాళ్లకు గాదెలున్నాయి, పొడి గాలి ఉంది, చాటతో చెరిగి మళ్లీ మళ్లీ చూసుకునే మనుషులున్నారు. సముద్రానికి పది కిలోమీటర్ల లోపు ఉన్న ఫ్లాటులో ఆ లెక్క పనికిరాదు.

నెలకు మించి ఉంచాల్సిన సరుకుకు నమ్మకమైన దారి ఫ్రీజర్. కిలో చొప్పున పొడి కవర్లలో కట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర కనీసం నాలుగు రోజులు ఉంచితే గుడ్డు, పిల్ల, పెద్ద పురుగు అన్నీ చస్తాయి. ఐదు కిలోల మూట ఒకేసారి పెడితే మధ్యలోకి చలి చేరడానికే రోజులు పడుతుంది, అందుకే చిన్న కవర్లు. సింగిల్ డోర్ ఫ్రిజ్ పై గది అంత చల్లగా ఉండకపోవచ్చు, అందులో వారం పైన ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పొద్దు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. చల్లటి గింజల మీద బయటి గాలి తగలగానే నీరు పట్టి, పది రోజుల్లో ముక్కిపోయిన వాసన వస్తుంది. కవరు కట్టినట్టే ఒక పూటంతా బయట ఉంచి, గది వేడికి వచ్చాక డబ్బాలో పోయండి.

బొంబాయి రవ్వకు, గోధుమ రవ్వకు ఫ్రీజర్ కూడా అక్కర్లేదు. కొనగానే సన్న సెగ మీద ఎనిమిది పది నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే మూత లోపలివైపు చెమట పట్టి మళ్లీ అందులోకే కారుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. పాత సరుకు మీద కొత్తది పోయకండి. డబ్బా అడుగున మిగిలే గుప్పెడు పిండిలోనే ఎర్ర పిండి పురుగు సంవత్సరాల తరబడి కాపురం ఉంటుంది. అడుగున మిగిలింది గిన్నెలోకి తీసి ముందు వాడేయండి. డబ్బా కడిగి, మూత రబ్బరు వాషర్ ఊడదీసి ఆ గాడి కూడా తుడిచి, ఒక రోజంతా బోర్లించి ఆరనిచ్చాకే కొత్తది నింపండి. పిండి గులాబి రంగుకు తిరిగి ఘాటు వాసన వస్తుంటే అది ఈ పురుగు వదిలే రసాయనమే. జల్లించి వాడొద్దు, పారేయండి.

అపోహ: బోరిక్ పౌడర్ కలిపితే ఏమీ కాదు, కడిగితే పోతుంది.

దీని గురించి మెత్తగా చెప్పడం కుదరదు. బోరిక్ పౌడర్ పురుగును చంపే విషం. ఆహారంలో కలపడానికి మన దేశంలో అనుమతి లేదు. బియ్యమైతే కడుగుతాం సరే, రవ్వనూ పిండినీ ఎలా కడుగుతారు? పారద్ మాత్రల పేరుతో అమ్మేవాటిలో ఉండేది పాదరసం. ఇంకా ఘోరం, ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఎవరో ఇచ్చారని ఇంట్లో బస్తాలో వేయడం. గాలిలోని చెమ్మ తగలగానే అవి ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. తలుపులు మూసి పడుకున్న ఇళ్లలో ఆ వాయువుకు ప్రాణాలు పోయాయి. శిక్షణ ఉన్న సంస్థలు తప్ప ఎవరూ తాకకూడని సరుకది. "మా ఊళ్లో అందరూ వేస్తారు" అనే మాట విని ఇంటికి తెచ్చుకోకండి.

పప్పులకు మందు కావాలంటే ఆముదం ఉంది. కిలో కందిపప్పుకు, పెసలకు ఒక టీస్పూను ఆముదం వేసి ప్రతి గింజకూ అంటేలా రుద్దండి. పైనున్న గుడ్లకు నూనె పూత వల్ల ఊపిరాడదు. గింజలోకి ఇప్పటికే దూరిన పిల్ల పురుగుకు మాత్రం ఇది తగలదు, అందుకే కొన్న రోజే పట్టించాలి. వండే ముందు గోరువెచ్చటి నీళ్లతో కడిగితే జిడ్డు పోతుంది.

అపోహ: ఎండలో పోస్తే పురుగు చచ్చిపోతుంది.

పెద్ద పురుగులు వేడికి పాకి వెళ్లిపోతాయి, మీకు చచ్చినట్టు అనిపిస్తుంది. గింజ లోపలివి చాలావరకు బతికే ఉంటాయి. ఎండ వల్ల అసలు లాభం తేమ తగ్గడం. మిరపకాయలకు, చింతపండుకు, పప్పులకు అది మంచిదే. బియ్యానికి వద్దు, పగుళ్లిచ్చి నూకవుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే తేమ మళ్లీ ఎక్కుతుంది కాబట్టి, మేడ మీద పోసినవి మధ్యాహ్నం మూడు కొట్టేలోపు తీసేసి, నీడన చల్లార్చి, ఆ సాయంత్రమే డబ్బాకెత్తండి.

అపోహ: పురుగు పట్టిందంటే ఇల్లు శుభ్రంగా లేనట్టు.

కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయిలు ఈ మాట పడి కుమిలిపోతుంటారు. పై నుంచి చదువుతూ వచ్చినవాళ్లకు తెలిసే ఉంటుంది, గుడ్డు మిల్లులోనో గోదాములోనో చేనులోనో పడింది. మీ చీపురుకూ దానికీ సంబంధం లేదమ్మా. పొరపాటున ఒక ముక్కు పురుగు అన్నంలో ఉడికినా జబ్బు చేయదు, భయపడకండి.

భయపడాల్సింది బూజుకు. వేరుశనగ పప్పుల్లో ఆకుపచ్చ, పసుపు బూజు కనిపిస్తే దానిలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. వేయించినా, పచ్చడి నూరినా అది పూర్తిగా పోదు. తుడిచి వాడటం, మంచివి ఏరుకోవడం వద్దు, ఆ ప్యాకెట్ మొత్తం పారేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో వేరుశనగ, ఎండుకొబ్బరి పావుకిలోకు మించి బయట ఉంచకండి.

మిగతావి గబగబా. వేపాకు కాస్త పనిచేస్తుంది, అయితే బాగా ఎండిందే వేయాలి, పచ్చి ఆకు చెమ్మ తెస్తుంది. లవంగాలు, బిర్యానీ ఆకు వేయడం మనశ్శాంతికే. ఉప్పు నీరు కారితే కల్తీ అనుకోకండి, గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే నీరు పీలుస్తుంది. చింతపండు, ఊరగాయ స్టీలు డబ్బాలో వద్దు, పులుపూ ఉప్పూ కలిసి స్టీలును తినేస్తాయి. జాడీ, గాజు సీసా వాడండి. గుంటూరు నుంచి ఏడాదికి తెచ్చుకున్న కారం నెలకు సరిపడా బయట ఉంచి, మిగతాది ఫ్రీజర్‌లో పెడితే రంగూ నిలుస్తుంది, పురుగూ రాదు.

ఇక డబ్బాలు కొనే తీరాలంటే కొలత చూసి కొనండి. కిలో బియ్యానికి లీటరుంపావు, కిలో గోధుమపిండికి రెండు లీటర్ల చోటు కావాలి. సింకు కింద చెమ్మ, పొయ్యి పైన వేడి, ఈ రెండు అరల్లో తినే సరుకు పెట్టకండి, గిన్నెలు పెట్టుకోండి. బియ్యం బస్తా నేలకు ఆనకుండా పీట మీద, గోడకు జానెడు ఎడంగా ఉండాలి. ప్రతి డబ్బాకూ మాస్కింగ్ టేపు ముక్క అంటించి, నింపిన తేదీ పెన్నుతో రాయండి. ప్యాకెట్ మీది తేదీ మూసి ఉన్నన్నాళ్లకే, మీరు విప్పిన రోజు నుంచి లెక్క వేరు.