క్రిస్మస్‌కు ముందు వాయిదా, సంక్రాంతి తర్వాత పిలుపు

2013 డిసెంబరు 18న లోక్‌సభ లోక్‌పాల్ బిల్లును ఆమోదించి, అనుకున్న గడువుకు రెండు రోజుల ముందే నిరవధికంగా వాయిదా పడింది. అందరూ శీతాకాల సమావేశాలు ముగిశాయనే అనుకున్నారు. లెక్క ప్రకారం అవి ముగియలేదు. ఒక సమావేశం పూర్తయిందంటే రాష్ట్రపతి సభను ప్రోరోగ్ చేయాలి, అంటే ఆ సమావేశం ముగిసిందని ఉత్తర్వు ఇవ్వాలి. ఆ పని జరగలేదు. అందుకే 2014 ఫిబ్రవరి 5న మళ్లీ కూర్చున్న పార్లమెంటు కొత్త సమావేశం కాదు, అదే శీతాకాల సమావేశానికి రెండో విడత. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభ, రాజ్యసభ గడప దాటింది ఆ రెండో విడతలోనే.

మధ్యలో గడిచిన ఆ ఆరేడు వారాలను ఢిల్లీలో సెలవులన్నారు. హైదరాబాద్‌లో మాత్రం అవి సెలవులు కావు. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం రాష్ట్రాన్ని విభజించే బిల్లును పార్లమెంటులో పెట్టే ముందు రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. ఎన్ని రోజుల్లో చెప్పాలో రాష్ట్రపతి నిర్ణయిస్తారు. ఆరు వారాల గడువు పెట్టారు, జనవరి 23కల్లా బిల్లు తిరిగి రావాలన్నారు. డిసెంబరు 16న బిల్లు అసెంబ్లీ ముందుకొచ్చింది. ఆ వారంలో గొడవే తప్ప చర్చ సాగలేదు. తర్వాత ఏ చర్చకు ఎంత సమయమో తేల్చే సభా వ్యవహారాల సలహా కమిటీ (బీఏసీ) కూర్చుని జనవరి 3 నుంచి 10 వరకు ఒక విడత, సంక్రాంతి వెళ్లాక 16 నుంచి 23 వరకు మరో విడత అని తేదీలు వేసింది. రాష్ట్రాన్ని రెండుగా చీల్చే బిల్లు మీద చర్చకు కూడా భోగి, సంక్రాంతి, కనుమ బ్రేక్ తప్పలేదు. పండక్కి ఊరెళ్లిన ఎమ్మెల్యేలను జనం ఏం అడిగి ఉంటారో ఊహించుకోవచ్చు. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం ఇంకో నాలుగు వారాలు కావాలని అడిగితే రాష్ట్రపతి ఒక్క వారం ఇచ్చారు. జనవరి 30న సభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది. ఆ తిరస్కారం పార్లమెంటును ఆపలేదు, ఎందుకంటే అసెంబ్లీ చెప్పేది అభిప్రాయమే. ఆరు రోజుల తర్వాత ఢిల్లీలో సభ మొదలైంది.

ప్రోరోగ్ చేయకుండా వదిలేయడం వల్ల ఏం కలిసొచ్చింది? ఏటా మొదటి సమావేశం రాష్ట్రపతి ప్రసంగంతో మొదలుకావాలని 87వ అధికరణ చెబుతోంది. ఆ తర్వాత ధన్యవాద తీర్మానం, దాని మీద రోజుల తరబడి చర్చ. ఫిబ్రవరిలో జరిగేది పాత సమావేశానికి కొనసాగింపు అయితే ఇవేవీ అక్కర్లేదు. ఉన్న పదిహేడు రోజుల్లో ఎన్నికల ముందు పెట్టే తాత్కాలిక, ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌తో పాటు విభజన బిల్లునూ గట్టెక్కించాల్సిన ప్రభుత్వానికి అది చిన్న వెసులుబాటు కాదు. ఫిబ్రవరి 13న పెప్పర్ స్ప్రే గందరగోళం మధ్యే బిల్లు ప్రవేశపెట్టారు. 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. మరుసటి రోజే సమావేశాలు ముగిశాయి.

ఈ పద్ధతి అప్పుడే పుట్టింది కాదు. పదేళ్ల ముందు వాజ్‌పేయి ప్రభుత్వమూ ఇదే చేసింది. 2003 డిసెంబరు 23న నిరవధికంగా వాయిదా పడిన లోక్‌సభను 2004 జనవరి 29న తిరిగి పిలిచారు. రాష్ట్రపతి ప్రసంగం లేకుండా కొత్త ఏడాది సభ ఎలా నడుపుతారని అప్పటి ఎంపీ రాందాస్ అథవాలే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2010లో రాజ్యాంగ ధర్మాసనం ఆ పిటిషన్ కొట్టేసింది. ప్రోరోగ్ కాని సభను స్పీకర్ మళ్లీ పిలిస్తే అది పాత సమావేశమే తప్ప కొత్తది కాదంది. 2014లో ఎవరికీ ఈ టెన్షన్ లేకపోవడానికి ఆ తీర్పే కారణం.

అసలు తేదీలు ఇంత వదులుగా ఎందుకున్నాయి? రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదన్నదొక్కటే రాజ్యాంగం పెట్టిన హద్దు. ఎప్పుడు మొదలవ్వాలి, ఎన్ని రోజులు నడవాలి అన్నవి అందులో లేవు. రాజ్యాంగ సభలో కొందరు ఇది చాలదన్నారు. సమావేశాలు ఎంత తరచుగా, ఎంత సుదీర్ఘంగా జరుగుతాయంటే సభ్యులకే విసుగొస్తుందేమోనని అంబేద్కర్ జవాబిచ్చారు. బ్రిటిష్ కాలంలోలా ఏడాదికోసారి మొక్కుబడిగా పిలిచే రోజులు పోయాయన్నది ఆయన నమ్మకం. మొదటి లోక్‌సభ ఆ నమ్మకాన్ని నిలబెట్టింది, అయిదేళ్లలో 677 రోజులు కూర్చుంది. 17వ లోక్‌సభ కూర్చున్నది 274 రోజులు.

స్థిరమైన క్యాలెండర్ కోసం ప్రయత్నం జరగకపోలేదు. 1955లోనే లోక్‌సభ కమిటీ ఒకటి మూడు సమావేశాలకూ తేదీలు రాసిచ్చింది. బడ్జెట్ సమావేశం ఫిబ్రవరి 1 నుంచి మే 7 వరకు, వర్షాకాలానిది జులై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు. శీతాకాలానిది నవంబరు 5న గానీ, దీపావళి తర్వాత నాలుగో రోజున గానీ, ఏది వెనకైతే అప్పుడు మొదలై డిసెంబరు 22న ముగియాలి. ప్రభుత్వం సరేనంది, అమలు మాత్రం చేయలేదు.

విచిత్రం ఏమిటంటే ఆ సిఫారసులో ముగింపు తేదీ మాత్రం తనంతట తానే ఆచారమైపోయింది. 2021లో డిసెంబరు 22న, 2023లో 21న, 2024లో 20న సభ ముగిసింది. 2022లో 29 దాకా అని ప్రకటించి, క్రిస్మస్, కొత్త సంవత్సరం ఉన్నాయని సభ్యులు అడగడంతో 23నే ముగించారు. మొదలయ్యే తేదీని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. 2023లో దీపావళి నవంబరు 12న వచ్చింది, సభ డిసెంబరు 4న మొదలైంది. తెలంగాణతో సహా పలు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు వచ్చింది అంతకు ముందు రోజే. 2018లో అయితే ఫలితాలు వచ్చిన డిసెంబరు 11నే మొదలుపెట్టారు. గుజరాత్ ఎన్నికలున్న 2017లో డిసెంబరు 15 దాకా ఆగారు. ఆలస్యంగా మొదలైన ఆ రెండేళ్లలోనూ క్రిస్మస్‌కు సెలవిచ్చి జనవరిలోకి సాగదీయాల్సి వచ్చింది. అలా సాగిన 2019 జనవరిలోనే ఆర్థికంగా వెనకబడిన వర్గాలకు (ఈడబ్ల్యూఎస్) పది శాతం రిజర్వేషన్లిచ్చే రాజ్యాంగ సవరణ రెండు రోజుల్లో రెండు సభలూ దాటింది.

కాబట్టి రోజులు తగ్గడానికి క్రిస్మస్‌నో, దీపావళినో తప్పుపట్టడం సరికాదని నా అభిప్రాయం. పండగలు క్యాలెండర్‌లో ఏడాది ముందే కనిపిస్తాయి. ప్రచారం నుంచి మంత్రులు, నాయకులు ఎప్పుడు తిరిగొస్తారో చూసుకుని మొదలుపెట్టడం వల్ల పోయే రోజులే ఎక్కువ. బ్రిటన్‌లో సభకు సెలవుల తేదీలను ప్రభుత్వం ప్రతిపాదిస్తుంది, ఆమోదించాల్సింది కామన్స్ సభ. ఇక్కడ పార్లమెంటరీ వ్యవహారాల కేబినెట్ కమిటీ తేదీలు ఖరారు చేస్తుంది, రాష్ట్రపతి పేరు మీద పిలుపు వెళుతుంది. ఏ రోజు ఏ బిల్లుకు ఎన్ని గంటలన్నది బీఏసీలో ప్రతిపక్షాలు అడగొచ్చు. అసలు ఎన్ని రోజులన్నది మాత్రం వాళ్లు అక్కడికి వచ్చేసరికే తేలిపోయి ఉంటుంది. లోక్‌సభ ఏడాదికి కనీసం 120 రోజులు కూర్చోవాలని రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లో చెప్పింది. అది ఇప్పటికీ సిఫారసుగానే ఉంది.