బరువు తగ్గడం ఆగిపోయిందా? క్యాలరీలు ఇంకా కట్ చేసేముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

నా దగ్గరకి డైట్ కోసం వచ్చేవాళ్ళలో మొదటి నెల ఎవరికీ ఏ కంప్లైంటూ ఉండదు. మూడో నెలో నాలుగో నెలో వచ్చేసరికి మొదలవుతుంది, "మేడమ్, అదే తిండి, అదే వాకింగ్, ముల్లు మాత్రం కదలట్లేదు, ఇంకో 300 క్యాలరీలు కట్ చేసేయనా" అని. చాలాసార్లు నేను చెప్పేది అప్పుడే వద్దనే. ఎందుకు వద్దంటానో ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: పది రోజులుగా బరువు అంతే ఉంది, ప్లేటూ (బరువు తగ్గడం ఆగిపోయే దశ) వచ్చేసింది.

వాస్తవం: పది రోజులు చూసి ఏమీ తేల్చలేం. ఒంట్లో నీరు ఒక్క రోజులోనే కిలో, ఒక్కోసారి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. ఉప్పు ఎక్కువైనా, కొత్త వర్కౌట్ చేసి కండరాలు పట్టేసినా, మోషన్ సరిగా కాకపోయినా ముల్లు పైకే పోతుంది. ఆడవాళ్ళకి పీరియడ్స్ ముందు పెరిగేది కూడా ఎక్కువగా నీరే, అందుకే ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చకండి, పోయిన సైకిల్‌లో ఇదే వారంతో పోల్చుకోండి. రోజూ పొద్దున బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చాక ఏమీ తినకముందు బరువు చూసుకుని వారానికి ఒక సగటు తీయండి, ఆ సగటు నాలుగు వారాల పాటు కదలకుండా, నడుము కొలత కూడా తగ్గకుండా ఉంటే అప్పుడు ప్లేటూ అందాం.

ఇంకోటి, మొదటి రెండు వారాల్లో సర్రున తగ్గిన దాన్ని లెక్కలోకి తీసుకోకండి. తిండి తగ్గించగానే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (పిండిపదార్థాల నిల్వ) ఖర్చవుతుంది, ఒక్కో గ్రాముతో పాటు దాదాపు 3 గ్రాముల నీరు బయటికి పోతుంది. ఆ స్పీడ్ మళ్ళీ రాదు, రావాలని ఎదురు చూస్తే నిరాశే.

అపోహ: రోజుకి 500 తక్కువ తింటే వారానికి అరకిలో, ఏడాదికి 26 కిలోలు గ్యారంటీ.

వాస్తవం: ఒక పౌండ్ కొవ్వుకి 3500 క్యాలరీలు, అంటే కిలోకి సుమారు 7700 అనే ఈ లెక్క 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే డాక్టర్ రాసిన దాన్నుంచి వచ్చింది. కొద్ది వారాలకి అంచనాగా పనికొస్తుంది, ఏడాదికి పనికిరాదు. ఎందుకంటే బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు కూడా తగ్గుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 35 ఏళ్ళ ఆవిడ, 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోలు, పెద్దగా కదలని ఉద్యోగం. ఎత్తు, బరువు, వయసుని బట్టి ఖర్చు అంచనా వేసే మిఫ్లిన్ ఫార్ములా ప్రకారం రోజు ఖర్చు సుమారు 2050 క్యాలరీలు వస్తుంది, 1550 తింటే డెఫిసిట్, అంటే ఖర్చుకన్నా తక్కువ తిన్నది, 500. ఇప్పుడు 70 కిలోలకి వచ్చింది అనుకోండి, అదే ఫార్ములాలో ఖర్చు 1910కి దిగిపోయింది, 1550 తింటున్నా డెఫిసిట్ 360 మాత్రమే. దీనిపైన శరీరం తనంతట తాను ఇంకొంచెం పొదుపు చేస్తుంది, అదో 100 అనుకుంటే మిగిలేది 260. అంటే వారానికి పావుకిలో కూడా సరిగ్గా తగ్గదు, రోజువారీ నీటి ఊగిసలాటేమో కిలో! ఇప్పుడు చెప్పండి, ఆ పావుకిలో మీ మెషీన్ మీద ఎలా కనబడుతుంది? ఆగిపోయిందని ఏడుస్తున్న వాళ్ళలో చాలామందికి నిజానికి ఆగలేదు, నెమ్మదించింది అంతే, ఆ తగ్గేది నీటి వెనక దాక్కుంది.

అపోహ: తక్కువ తింటే బాడీ స్టార్వేషన్ మోడ్‌లోకి వెళ్ళి బరువు తగ్గడం ఆపేస్తుంది, ఇంకా పెంచేస్తుంది కూడా.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది చావట్లేదు. బరువు తగ్గినప్పుడు శరీరం, తగ్గిన సైజుకి లెక్క ప్రకారం తగ్గాల్సిన దానికన్నా ఎక్కువే ఖర్చు తగ్గించుకుంటుందని 1995లో లీబెల్, రోసెన్‌బామ్, హిర్ష్ స్టడీలో తేలింది. ఆకలి హార్మోన్ గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్ లెప్టిన్ పడిపోతుంది, మనకి తెలియకుండానే కదలికలు తగ్గిపోతాయి, కాలు ఊపడం, లేచి తిరగడం లాంటివన్నమాట. ఇవన్నీ డెఫిసిట్‌ని చిన్నది చేస్తాయి, నిజమే. కానీ డెఫిసిట్ ఉన్నంతకాలం కొవ్వు కరగడం ఆగదు.

మిన్నెసోటా ప్రయోగం చూడండి, 1945లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకి 24 వారాలు రోజుకి సుమారు 1600 క్యాలరీలు మాత్రమే పెట్టారు, పైగా నడిపించారు. వాళ్ళ బేసల్ మెటబాలిజం (ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా ఒంటికయ్యే ఖర్చు) దాదాపు 40 శాతం పడిపోయింది. అయినా ఒంటి బరువులో పావు వంతు తగ్గారు. అయితే దాంతో పాటు ఎప్పుడూ చలి, నీరసం, చిరాకు, ఇరవై నాలుగ్గంటలూ తిండి ధ్యాసే, కాళ్ళకి నీరు కూడా చేరింది. అందుకే ఇంకా ఇంకా కట్ చేయొద్దనేది, మెటబాలిజం ఆగిపోతుందని కాదు, మీరు తట్టుకోలేక ఓ రాత్రి ఫ్రిజ్ ముందు కూర్చుంటారని.

అపోహ: నేను 1200 మాత్రమే తింటున్నా, అయినా తగ్గట్లేదు.

వాస్తవం: ఇది జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం, ఎవరినీ అబద్ధం చెప్తున్నారు అనట్లేదు. 1992లో లిక్ట్‌మన్ టీమ్ సరిగ్గా ఇలా చెప్పేవాళ్ళనే తీసుకుని కొలిస్తే, వాళ్ళు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా రిపోర్ట్ చేశారు, చేసిన ఎక్సర్‌సైజ్‌ని 51 శాతం ఎక్కువగా చెప్పారు. వాళ్ళ మెటబాలిజంలో తేడా ఏమీ లేదు. కావాలని కాదు, మనిషి కళ్ళు అంచనా వేయడంలో అంత వీక్. నూనె గ్రాముకి 9 క్యాలరీలు, ఒక పెద్ద స్పూన్‌కి 120 దాకా, మూకుడులో చెయ్యి కాస్త వంగితే రోజు డెఫిసిట్‌లో సగం అక్కడే పోయింది. రుచి చూడటాలు, పిల్లలు వదిలేసినవి, నోట్లో వేసుకునే గుప్పెడు గింజలు ఎవరూ రాయరు.

వీకెండ్ కూడా. ఐదు రోజులు 360 చొప్పున మిగిల్చితే 1800, శని ఆదివారాలు ఖర్చుకన్నా 900 చొప్పున ఎక్కువ తింటే 1800, చెల్లుకి చెల్లు. కాబట్టి క్యాలరీలు మార్చేముందు రెండు వారాలు తినేవన్నీ వంటింటి స్కేల్ మీద తూచి, నూనెతో సహా, వీకెండ్‌తో సహా రాయండి. నా అనుభవంలో సగం ప్లేటూలు ఈ స్టెప్‌లోనే విడిపోతాయి.

అపోహ: వాచ్‌లో 500 ఖర్చయిందని చూపించింది, అంత తినొచ్చు.

వాస్తవం: తినొద్దు. 2017లో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు 7 రకాల వాచ్‌లు టెస్ట్ చేస్తే క్యాలరీల లెక్కలో బెస్ట్ అనుకున్నది కూడా సగటున 27 శాతం తప్పింది. స్టెప్స్‌కి వాడుకోండి చాలు.

అపోహ: ఒక చీట్ డే పెడితే మెటబాలిజం షాక్ తిని మళ్ళీ స్టార్ట్ అవుతుంది.

వాస్తవం: మెటబాలిజం ఏమీ మొరాయించిన స్కూటర్ కాదు, కిక్ కొడితే స్టార్ట్ అవ్వడానికి. ఒక్క రోజు విచ్చలవిడిగా తింటే ఆ వారం డెఫిసిట్ పోతుంది, అంతే. దీనికీ డైట్ బ్రేక్‌కీ తేడా ఉంది. బ్రేక్ అంటే ఒకటి రెండు వారాలు ఇప్పటి బరువుకి సరిపడా, లెక్కగా తినడం. మ్యాటడార్ అని 2017లో వచ్చిన స్టడీలో రెండు వారాలు డైట్, రెండు వారాలు బ్రేక్ చేసిన మగవాళ్ళు దాదాపు 14 కిలోలు, ఆపకుండా చేసినవాళ్ళు 9 కిలోలు తగ్గారు. అయితే మొదటివాళ్ళకి మొత్తం టైమ్ దాదాపు రెట్టింపు పట్టింది, తర్వాత వేరేవాళ్ళు చేసిన ట్రయల్‌లో ఆ లాభం కనబడలేదు. నేనైతే నాలుగైదు నెలలుగా ఆపకుండా చేస్తూ అలిసిపోయినవాళ్ళకి, మెటబాలిజం కోసం కాదు గానీ మనసు నిలబడ్డానికి ఇస్తా.

అపోహ: రోజుకి ఆరుసార్లు తింటే మెటబాలిజం స్పీడ్ అవుతుంది.

వాస్తవం: అవ్వదు. అరుగుదలకయ్యే ఖర్చు మొత్తం తిన్నదానిలో దాదాపు 10 శాతం, మూడు ముక్కలు చేసినా ఆరు ముక్కలు చేసినా అంతే.

అపోహ: ప్లేటూ వస్తే కట్ చేయడం ఒక్కటే దారి.

వాస్తవం: రాసుకున్నారు, నాలుగు వారాల సగటు నిజంగానే కదల్లేదు, అప్పుడు ఇప్పటి బరువుతో లెక్క మళ్ళీ వేయండి, 80 కిలోలప్పటి లెక్కతో 70 కిలోల ఒంటిని నడపొద్దు. తగ్గించేది 100 నుంచి 150 చాలు, అదీ నూనె, తీపి దగ్గర్నుంచి, ప్రోటీన్ నుంచి కాదు. కిలో బరువుకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్, వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తడం ఉంటే తగ్గేది ఎక్కువగా కొవ్వే అవుతుంది. (కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఈ ప్రోటీన్ లెక్క డాక్టర్‌ని అడగకుండా పాటించొద్దు.) కట్ చేయడం ఇష్టం లేకపోతే రోజుకి ఇంకో 3 కిలోమీటర్లు నడవండి, 70 కిలోల మనిషికి 100 పైనే అదనంగా ఖర్చవుతుంది. రెండూ ఒకేసారి చేయకండి, ఏది పనిచేసిందో తెలీదు. మార్చాక మళ్ళీ నాలుగు వారాలు ఆగండి, అదే చాలామందికి చేతకాదు.

ఆడవాళ్ళు 1200, మగవాళ్ళు 1500 కిందకి డాక్టర్ పర్యవేక్షణ లేకుండా దిగొద్దు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే తిండి తగ్గించేముందు డోస్ మార్చాలేమో అడగాలి, లేదంటే షుగర్ డౌన్ అయిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్ళు ఈ లెక్కల జోలికే రావొద్దు. అన్నీ తూచి రాసినా నెలల తరబడి కదలకపోతే, నీరసం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం ఉంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్) టెస్ట్ చేయించుకోండి, స్టెరాయిడ్స్, కొన్ని డిప్రెషన్ మందులు కూడా బరువు పెంచుతాయి కాబట్టి వాడే మందుల లిస్ట్ కూడా డాక్టర్‌కి చూపించండి, కానీ మీ అంతట మీరు ఏ మందూ ఆపేయకండి.