మాను దగ్గరికే వచ్చే రంపం

గాలివానకు చేని గట్టు మీద వేపమాను కూలిందనుకోండి. కట్టెలు కొనేవాడు వచ్చి, టన్ను లెక్కన బేరమాడి, ముక్కలు చేయించి ఇటుక బట్టీకి తోలుకుపోతాడు. కాదంటే ట్రాక్టరు మాట్లాడుకుని, నలుగురిని పెట్టి మొద్దులు ఎక్కించి, ప్రొద్దుటూరుకో రాయచోటికో తీసుకెళ్ళి సామిల్లులో కోయించాలి. ఒక్క మాను కోసం అంత తతంగం ఎవరు పెట్టుకుంటారు? అందుకే కడప జిల్లా పల్లెల్లో మంచి చేవ ఉన్న కట్టె కూడా మంటల్లోకే పోతుంది. ఇంటి వాకిళ్ళకు మాత్రం ఎక్కడినుంచో ఓడలో వచ్చిన కలప కొంటాం.

సామిల్లులో రంపం ఉన్నచోటే ఉంటుంది, మొద్దును దాని మీదికి తోస్తారు. ఎక్కడికైనా తీసుకెళ్ళగలిగే చిన్న కోత మిషన్‌లో పద్ధతి వేరు. మొద్దు కదలదు, రంపమే జరుగుతుంది. నేల మీద రెండు ఇనుప పట్టాలు, వాటి మీద నడిచే బండి, ఆ బండిలో రెండు చక్రాలకు చుట్టి బిగించిన బ్యాండు బ్లేడు, తిప్పడానికి పది పదిహేను హార్స్‌పవర్ల పెట్రోలు ఇంజను. అంతే సరంజామా. బ్లేడు మందం సుమారు ఒక మిల్లీమీటరు. పళ్ళు మాత్రం ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంగి, ఒకటి నిటారుగా ఉంటాయి. అందువల్ల కోసిన సందు బ్లేడు మందం కంటే కొంచెం వెడల్పవుతుంది, బ్లేడు రెండు పక్కలా రాసుకోకుండా సాగిపోతుంది. పైనుంచి సన్నగా నీళ్ళు కారుతూ పళ్ళకు అంటుకున్న జిగురును కడిగేస్తుంటాయి.

ఆ సందు వెడల్పులోనే లాభనష్టాలున్నాయి. బ్యాండు బ్లేడు తినేది సుమారు మూడు మిల్లీమీటర్లు. చెయిన్ రంపానికి ఇనుప చట్రం బిగించి కోస్తే ఎనిమిది దాకా పోతుంది. 30 సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మ నుంచి 25 మిల్లీమీటర్ల పలకలు తీస్తే బ్యాండు బ్లేడుతో పది వస్తాయి, చెయిన్ రంపంతో తొమ్మిదే. ఆ పదో పలక పొట్టయి నేల మీద రాలుతుంది. అయినా చెయిన్ రంపం చవక, ఒక్కడే భుజాన వేసుకుని కొండ ఎక్కొచ్చు. ఏడాదికి ఒకటో రెండో మానులు కోసుకునేవాళ్ళకు నా దృష్టిలో అదే చాలు. గొలుసు మాత్రం నిలువు కోతకు సానపట్టించినదై ఉండాలి. అడ్డంగా నరికే గొలుసుతో నార వెంబడి కోస్తే ఇంజను మూలుగుతుంది తప్ప పని సాగదు.

కలప డిపోల్లో మొద్దును కొలిచే తీరు కూడా ఈ వృథా ఎరిగినదే. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, ఆరడుగుల పొడవున్న మొద్దు ఈ లెక్కన ఆరు ఘనపుటడుగులు. నిజానికి గుండ్రటి మొద్దులో ఉన్నది ఏడున్నర పైచిలుకు. అంటే ఐదో వంతుకు పైగా తరుగు కొలతలోనే తీసేశారన్నమాట.

ఇక మొద్దు లోపలి సంగతి. మనుషులకే కాదు, మానుకూ టెన్షన్ ఉంటుంది. పెరిగే చెట్టులో బయటి పొరలు సాగదీసినట్టు బిగువుగా ఉంటాయి, నడిమి భాగం నొక్కుకుపోయి ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి కాబట్టి బయటికి తెలియదు. రంపం ఒక పక్క పొర తీయగానే ఆ పట్టు తప్పుతుంది. పలక ఒకవైపు వంగుతుంది, మిగిలిన దిమ్మ రెండోవైపు వంగుతుంది. అందుకే ఒక పక్క నుంచే వరసగా కోసుకుంటూ పోకూడదు. ఇటు రెండు తీశాక మొద్దును తిరగేసి అటు రెండు తీయాలి. గట్టు మీద ఒరిగి పెరిగిన చెట్టయితే పేచీ ఇంకా ఎక్కువ. వేప, చింత, తుమ్మ లాంటి చెట్లు ఒరిగినప్పుడు పై వైపున బిగువైన ప్రత్యేకమైన కట్టె పెంచుకుంటాయి, పడిపోకుండా తమను తాము వెనక్కి లాక్కోవడానికి. ఆ కట్టె కోతలో నారలు నారలుగా లేస్తుంది, ఎండాక మెలితిరుగుతుంది.

పొలం చెట్లకు మరో బెడద మేకులు, ముళ్ళతీగ. పాతికేళ్ళ కిందట కంచె కోసం కొట్టిన మేకును మాను మింగేసి పైన బెరడు కప్పేస్తుంది. బ్లేడు దానికి తగిలితే పళ్ళు పోయినట్టే. తుమ్మలో, చింతలో టానిన్లు, అంటే వగరు పదార్థాలు ఎక్కువ. ఇనుముతో కలిస్తే అవి నల్లటి నీలి రంగు తిరుగుతాయి. నరికిన మొద్దు కొసన లేతగోధుమ రంగు మధ్య సిరా ఒలికినట్టు నీలిచార కనిపిస్తే కోత ఆపి, మెటల్ డిటెక్టరుతో వెతుక్కోవడం మేలు.

కోయడం ఒక పూట పని. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది, అది నీళ్ళతో పని. పచ్చి కట్టెలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి: కణాల బోలులో, కణాల గోడల్లో. ముందు బోలులోని నీళ్ళు పోతాయి, అప్పుడు బరువు తగ్గుతుందే గానీ కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీళ్ళు పోవడం మొదలవుతుంది, కట్టె కుంచించుకుపోయేది అప్పుడే. అదైనా అన్నివైపులా సమానంగా కాదు. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదాని కంటే, వలయాల వెంబడి చుట్టూ తగ్గేది ఇంచుమించు రెట్టింపు. పలక దోనెలా వంగేది, గుండ్రటి మొద్దు నడిమి దాకా పగిలేది ఈ తేడా వల్లనే.

చల్లటి దేశాల వాళ్ళు అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టమంటారు. మన దగ్గర గొడవ ఆరకపోవడం కాదు, మరీ త్వరగా ఆరిపోవడం. అనంతపురంలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చిల్లర. ఏప్రిల్ మధ్యాహ్నం వడగాలికి పలక పైపొర ఎండి బిగుసుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. పైపొర కుదించుకోబోతే లోపలిది ఒప్పుకోదు, అక్కడే పగుళ్ళు. అందుకని కార్తీకంలోనో మార్గశిరంలోనో కోసుకుంటే కట్టె నిదానంగా ఆరుతుంది. కొసలకు వెంటనే పాత పెయింటో మైనమో పూయాలి, కొసల నుంచే నీళ్ళు అన్నిటికంటే వేగంగా పోతాయి కాబట్టి. నీడలో, నేలకు అడుగు ఎత్తున, పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం బద్దలు పెట్టి పేర్చాలి. బద్దలన్నీ కింద నుంచి పైదాకా ఒకే వరసలో ఉండాలి. పైన బరువుకు కడప బండలు నాలుగు పరిస్తే సరి.

ఆరిందో లేదో తేల్చడానికి వంటింటి త్రాసు చాలు. చిన్న ముక్క తూచి, నూట మూడు డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా పెట్టి మళ్ళీ తూచాలి. 500 గ్రాములది 400కి దిగితే తేమ 20 శాతం కాదు, 25. పోయిన నీళ్ళను ఎండు బరువుతో భాగించాలి. ఈ లెక్క వల్లనే మునగ లాంటి బెండు చెట్లలో తేమ వంద శాతం దాటినా ఆశ్చర్యం లేదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. సొంత పొలంలో చెట్టయినా 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఉంది. కోత మిషన్లకు అటవీ శాఖ లైసెన్సు నిబంధనలున్నాయి. మిషన్ తెప్పించే ముందే రేంజి ఆఫీసులో అడిగి కాగితం తీసుకోవాలి. ఎర్రచందనం జోలికి అనుమతి లేకుండా వెళ్ళొద్దని ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంత చేసి ఏ చెట్టు కోయాలంటే, నా ఓటు అందరూ తిట్టే సర్కారు తుమ్మకు. కంపచెట్టని చీదరించుకుంటాం గానీ, అది మన దేశానికి వచ్చిన తొలినాళ్ళలోనే, 1870ల చివర్లో, విత్తనాలు తెప్పించి నాటిన చోటు మన కడప జిల్లా కమలాపురం. వంట చెరకు కోసం తెచ్చిన చెట్టు చెరువులను, వంకలను ఆక్రమించింది. దాన్ని నరికి బొగ్గు చేయడమే మనకు తెలుసు. దాని దాయాది మెస్కీట్‌ను టెక్సస్‌లో నేల పలకలకు, కుర్చీలకు వాడుతున్నారు. కారణం కుదింపు. చాలా గట్టి కట్టెలు పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి ఘనపరిమాణంలో పది శాతం పైనే తగ్గుతాయి, మెస్కీట్ తగ్గేది దాదాపు ఐదు శాతమే. చుట్టూ తగ్గేదానికీ నడిమి వైపు తగ్గేదానికీ తేడా కూడా తక్కువ, కాబట్టి వంకర్లు పోవడమూ తక్కువే.

దీని మొద్దులు పొట్టివి, వంకరవి. పెద్ద సామిల్లువాడు చూసి నవ్వుతాడు. పట్టాల మీద నడిచే చిన్న మిషన్‌కు మాత్రం మీటరు మొద్దయినా ఒకటే. చేవ ముదురు గోధుమ రంగు, చుట్టూ సన్నటి పసుపు పట్టీ. ఆ పట్టీని కోసి పారేయాలి, పిండిపదార్థం ఉండేది అందులోనే, పుచ్చు పురుగు వచ్చేది దాని కోసమే. మీటరు పలకలతో దూలాలు, వాకిళ్ళు రావు. పీటలు, బల్ల పైభాగాలు, కిటికీ చట్రాలు బ్రహ్మాండంగా వస్తాయి. ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య ఇంట్లో కట్టె తేమ ఆరు శాతం మారిందనుకుంటే, మామూలు గట్టి కట్టెతో చేసిన అడుగు వెడల్పు పలక నాలుగైదు మిల్లీమీటర్లు ఉబ్బుతుంది, శ్రావణంలో తలుపు బిగుసుకునేది అందుకే. మెస్కీట్ అంకెలు సర్కారు తుమ్మకు కాస్త అటూఇటుగా సరిపోయినా ఆ ఉబ్బు రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది, కిటికీ రెక్కకు ఆచారి వదిలే సందులో అది ఇమిడిపోతుంది.