రేవులో ఆకు కదలకపోతే చెరువులో గాలి లేనట్టేనా?

పులికాట్ సరస్సు (మా మాటలో చెరువు) చుట్టుపక్కల చిన్న పడవల వాళ్లకు భద్రతా శిక్షణ ఇవ్వడం నా పని. చీకటి పడేసరికి తిరువొత్తియూరులో మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, ఈ రాత్రి పోవచ్చా? ఇక్కడ ఆకు కూడా కదలట్లేదు."

అపోహ: ఒడ్డున గాలి లేకపోతే లోపలా ఉండదు.

వాస్తవం: ప్రాణాల మీదకు తెచ్చేది ఇదే. రాత్రిపూట నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి అక్కడే పడుంటుంది, పైగాలి దాని మీదుగా వెళ్లిపోతుంది. నీళ్లు అంత తొందరగా చల్లారవు కాబట్టి చెరువు మీద ఆ పైగాలి కిందిదాకా దిగుతుంది. పడమటి గాలి వీచే రోజుల్లో పడమటి ఒడ్డుకు తాటిచెట్లు, ఇళ్లు ఎలాగూ అడ్డం. 10 మీటర్ల ఎత్తు చెట్ల వరుస చాటు 100, 200 మీటర్ల దాకా ఉంటుంది. అది దాటితే గానీ అసలు గాలి తగలదు. పగలైతే దూరాన తెల్లనురుగు చూసి ఆగిపోతాం. రాత్రి అదీ కనపడదు.

ఒక ఆగస్టు రాత్రి అన్నదమ్ములిద్దరు ఇలాగే వెళ్లారు. గాలి వెనక నుంచి తోస్తుంటే పడవ హాయిగా సాగింది. వల తీసి వెనక్కి తిప్పాక గడ ఎంత వేసినా అడుగు ముందుకు పడలేదు. తమ్ముడు లంగరు ముందు కొసకు కట్టి దించాడు, అన్న తెల్లారేదాకా డబ్బాతో నీళ్లు తోడుతూ కూర్చున్నాడు. పడవను గాలికి అడ్డం తిరగనివ్వలేదు కాబట్టే బతికారు. వాళ్లమ్మ ఆ రాత్రంతా నాకు ఫోన్ చేస్తూనే ఉంది. ఆ తల్లికి ఏం చెప్పాలి?

అందుకే వల వేసేముందు చెట్ల చాటు దాటి గడ ఎత్తేయండి. గాలి వచ్చే వైపో పోయే వైపో కాకుండా, పక్కవైపు ఒడ్డున ఒకదాని వెనక ఒకటి కనిపించే రెండు దీపాలు చూసుకుని రెండు మూడు నిమిషాలు ఆగండి. అవి చకచకా విడిపోతున్నాయంటే గాలి మిమ్మల్ని లాక్కుపోతున్నట్టే, తిరిగి వచ్చేయండి. వీలైనంతవరకు ముందు గాలికి ఎదురుగా వెళ్లండి, తిరుగుదారిలో అదే తోస్తుంది.

అపోహ: ఫోన్‌లో గాలి గంటకు 15 కిలోమీటర్లే చూపిస్తోంది.

వాస్తవం: అది సగటు. విసురు, అంటే ఉన్నట్టుండి కొట్టే గాలి (gust), ఎంతో వేరే గడిలో ఉంటుంది, అది చూడండి. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలు. విసురు 25 దాటితే చిన్న పడవను రాత్రి దించొద్దనే నేను చెబుతాను.

అపోహ: లోతు లేదు, పడినా నిలబడొచ్చు.

వాస్తవం: లోతు తక్కువైతే అలలు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వస్తాయి. కింద బురద. లైఫ్ జాకెట్ వేసుకోండి, దిండు చేసుకోకండి.

అపోహ: వాన మొదలయ్యాక తిరిగి రావచ్చు.

వాస్తవం: జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రం, రాత్రి పడమటి నుంచి వచ్చే ఉరుముల మబ్బులకు ఈదురుగాలే ముందు వస్తుంది, వాన తర్వాత. ఉరుము వినపడిందా, ఒడ్డుకు రండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

అమావాస్యకు గాలి లేస్తుందనేది వట్టి మాట. చంద్రుడు లాగేది నీళ్లను, చెరువు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర ప్రవాహం పెరుగుతుంది, అంతే. ఎప్పటిదో తుపాను వీడియోను ఈ రాత్రిది అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు దయచేసి మానండి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉందో లేదో చూడటానికి ఒక్క నిమిషం చాలు.

ఇంట్లో ఎదురుచూసే అమ్మలకు, అక్కలకు: చెప్పిన వేళకు రాకపోతే మొహమాటపడొద్దు, 112కి చేయండి. ఏ రేవు నుంచి ఎన్నింటికి వెళ్లారు, ఎంతమంది, ఇంజిను ఉందా, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది అనేవి చెప్పండి. గాలి దిక్కు తెలిస్తే వెతికేవాళ్లు పడవ కొట్టుకుపోయిన వైపే ముందు వెళతారు.