క్యాన్సర్ కాని గడ్డకు దవడ ఎందుకు కోయాలి?

"క్యాన్సర్ కాదు" అని బయాప్సీలో తేలగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ వెంటనే డాక్టరు "అయినా దవడలో కొంత భాగం తీసేయాలి" అంటే ఎవరికీ మింగుడుపడదు. కింది దవడలో వచ్చే అమెలోబ్లాస్టోమా విషయంలో ఆ రెండు మాటలూ నిజమే.

పంటి మీద పింగాణీ పొరను తయారుచేసే కణాల వంశానికి చెందిన గడ్డ ఇది. పదింట ఎనిమిది కింది దవడలోనే, అదీ ఎక్కువగా జ్ఞానదంతం ఉండే వెనక భాగంలో వస్తాయి. నొప్పి ఉండదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. పన్ను కదిలాకో, ఒక చెంప ఉబ్బిందని ఎవరో అన్నాకో పరీక్షకు వస్తారు. అప్పటికి ఎక్స్‌రేలో ఎముక సబ్బునురగలా బుడగలు బుడగలుగా కనిపిస్తుంది.

బయాప్సీకి ముందు చాలామంది సర్జన్లు లావుపాటి సూది గుచ్చి సిరంజితో లాగి చూస్తారు. ఇది వదలకూడని జాగ్రత్త. ఎముకలో రక్తనాళాల గడ్డ కూడా ఎక్స్‌రేలో ఇలాగే కనిపించవచ్చు. తెలియక కోస్తే రక్తస్రావం ప్రాణం మీదికి తెస్తుంది.

అసలు చిక్కు ఎముక లోపల ఉంది. దవడకు బయట గట్టి పెంకు, లోపల స్పాంజిలాంటి ఎముక ఉంటాయి. పెంకును ఈ కణాలు త్వరగా దాటలేవు. స్పాంజి సందుల్లోకి మాత్రం సులువుగా పాకుతాయి. ఎక్స్‌రేలో గడ్డ ఆగినట్టు కనిపించే గీతకు 2 నుంచి 8 మిల్లీమీటర్ల అవతల కూడా కణాలు దొరుకుతాయి. గడ్డను గరిటెలాంటి పరికరంతో గీకి తీసేస్తే మిగిలేవి అవే. అలా గీకిన మామూలు రకం గడ్డలు సగానికి మించి మళ్లీ వస్తాయి. అందుకే కనిపించే అంచుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల అవతల ఆరోగ్యంగా ఉన్న ఎముకలో కోస్తారు. ఒకే తిత్తిలా ఉండి, గోడలోకి కణాలు చొరబడని రకానికి మాత్రం ఇంత కోత అక్కర్లేదు. తిత్తిని ఒలిచి, గుంత గోడలకు మిగిలిన కణాలను చంపే కార్నాయ్ ద్రావణం కొన్ని నిమిషాలు పట్టించి, చుట్టూ కొంత ఎముకను డ్రిల్‌తో అరగదీస్తే చాలాసార్లు సరిపోతుంది.

దవడ అడుగు అంచున కనీసం ఒక సెంటీమీటరు మంచి ఎముక మిగిలేటట్టుంటే పైభాగం మాత్రమే తీస్తారు. అంతకన్నా తక్కువ మిగిలితే నమిలేటప్పుడు విరిగిపోతుంది కాబట్టి ఆ ముక్క మొత్తం తీయాల్సిందే. మత్తు గొట్టం ముక్కులోంచి వేస్తారు. పై, కింది పళ్లను కలిపి బిగించి చూసుకోవాలంటే నోరు ఖాళీగా ఉండాలి. చర్మం మీద గాటు దవడ అంచుకు దాదాపు 2 సెంటీమీటర్ల కింద పెడతారు. పెదవి మూలను కిందికి లాగే నరం ఆ అంచు వెంబడే పోతుంది. అది తెగితే నవ్వు వంకరపోతుంది.

ముక్క తీశాక మిగిలిన దవడను పట్టి ఉంచే టైటానియం ప్లేటును ఎముక కోయకముందే వంచి, దవడకు ఆనించి, రంధ్రాలు చేసి తీసేస్తారు. కోశాక అవే రంధ్రాల్లో రెండు వైపులా కనీసం మూడేసి స్క్రూలతో బిగిస్తారు. ఈ వరస తప్పితే పళ్లు కలిసే తీరు మారిపోతుంది. ఒక మిల్లీమీటరు తేడా కూడా రోగికి తెలుస్తుంది. గడ్డ బయటికి ఉబ్బి ప్లేటు ఆనని సందర్భాల్లో, బాగున్న రెండో వైపును అద్దంలోలా తిప్పి త్రీడీ ప్రింట్ చేసిన నమూనా మీద ముందే వంచుకుంటారు.

ప్లేటు ఒక్కటే వదిలేస్తే కొన్నాళ్లకు విరగడమో చర్మం చీల్చుకుని బయటపడడమో జరుగుతుంది. దాని వెనక ఎముక ఉండాలి. పెద్ద ఖాళీకి కాలి బయటివైపు ఉండే సన్నని ఫిబ్యులా ఎముకను రక్తనాళాలతో సహా తెస్తారు. చీలమండ దగ్గరా మోకాలి దగ్గరా ఆరేడు సెంటీమీటర్లు వదిలితే నడకకు పెద్దగా ఇబ్బంది ఉండదు. అంతకుముందు కాలి రక్తనాళాలకు సీటీ తీయడం అవసరం. కొందరిలో ఫిబ్యులాకు వెళ్లే ధమనే పాదాన్ని పోషిస్తుంటుంది. తెచ్చిన ఎముకను దవడ వంపుకు తగ్గట్టు ముక్కలు చేసి, దాని రక్తనాళాలను మైక్రోస్కోపు కింద మెడలోని నాళాలకు కుడతారు. ఆ తర్వాత రెండు మూడు రోజులు కీలకం. సిరలో రక్తం గడ్డకడితే ఎముకతో తెచ్చిన చర్మం నీలంగా మారుతుంది. గంటల్లో తిరిగి తెరిస్తే బతుకుతుంది, ఆలస్యమైతే చచ్చిపోతుంది. నర్సు గంటగంటకూ రంగు చూసేది అందుకే.

మొత్తం ముక్క తీసినప్పుడు సాధారణంగా దవడలోపలి నరమూ పోతుంది. పెదవి కదులుతుంది గానీ స్పర్శ ఉండదు. తెలియకుండా కొరుక్కోవడం, వేడి తగిలి కాలడం మామూలే. ఈ సంగతి రోగికి ఆపరేషన్‌కు ముందే చెప్పి తీరాలి.

2014లో ఈ గడ్డల్లో చాలావాటిలో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉన్నట్టు తేలింది. దాన్ని అడ్డుకునే మందులతో కొందరిలో గడ్డ బాగా చిన్నదైంది. ప్రస్తుతానికి ప్రధాన చికిత్స మాత్రం కత్తే. పదేళ్ల తర్వాత కూడా తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి, మొదటి ఐదేళ్లు ఏటా, తర్వాత కూడా విడతలవారీగా ఎక్స్‌రే తీయించుకుంటూనే ఉండాలి.