చెవికి వినిపించే ఆక్సిజన్

"మా నాన్నగారికి ఆపరేషన్ జరిగినంతసేపూ వేలికి ఒక క్లిప్పు పెట్టి ఉంచారట. సూది గుచ్చలేదు, రక్తం తీయలేదు. మరి రక్తంలో ఆక్సిజన్ 98 శాతం ఉందని ఆ క్లిప్పుకి ఎలా తెలిసింది? దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఇలాంటి ప్రశ్న కోసం నేను చాలా రోజులుగా ఎదురుచూస్తున్నాను. సర్జరీని సురక్షితం చేసిన పరికరాలు అనగానే అందరూ రోబో చేతుల గురించో లేజర్ల గురించో మాట్లాడతారు. నన్నడిగితే పెద్దపీట ఈ క్లిప్పుకే వేస్తాను. దీని పేరు పల్స్ ఆక్సీమీటర్. కిటుకంతా ఆ 'పల్స్' అన్న మాటలోనే ఉంది.

ముందు దీని అవసరం ఏమిటో చూద్దాం. పెద్ద ఆపరేషన్లలో మనిషికి మత్తుతో పాటు కండరాలు సడలించే మందు కూడా ఇస్తారు. ఇక ఊపిరి తీసుకునే పని మెషీన్‌దే. గొంతులోంచి వేసిన గొట్టం కాస్త జారినా, మడతపడినా, ఎక్కడో జాయింట్ ఊడినా ఆక్సిజన్ అందదు. మెదడుకి ఆక్సిజన్ పూర్తిగా ఆగిపోతే నాలుగైదు నిమిషాల్లోనే మళ్లీ బాగుపడని నష్టం మొదలవుతుంది. పాతకాలంలో మత్తు డాక్టర్లు పెదవులు, గోళ్లు నీలంగా మారుతున్నాయా అని కళ్లతో చూసి కనిపెట్టేవారు. ఆ కళ్లను ఎంత నమ్మొచ్చో 1947లో కామ్రో, బొటెల్హో అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించారు. ఆక్సిజన్ (అంటే హిమోగ్లోబిన్‌లో ఎంత వంతు ఆక్సిజన్‌ని పట్టుకుని ఉందన్నది) 80 శాతం దగ్గరికి పడిపోయేదాకా చాలామంది ఆ నీలాన్ని కచ్చితంగా గుర్తించలేకపోయారు. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గుతున్నా ఈ శాతం 90 వరకు నెమ్మదిగానే జారుతుంది, ఆ తర్వాత ఏటవాలుగా పడిపోతుంది. అంటే కంటికి రంగు కనిపించేసరికి మనిషి అప్పటికే ఆ ఏటవాలులో కిందికి జారుతూ ఉంటాడు.

హిమోగ్లోబిన్ గురించి బడి పుస్తకాల్లో ఉన్నదంతా వదిలేస్తాను. మనకు కావలసింది ఒక్కటే. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్ర కాంతిని చాలావరకు పోనిస్తుంది. ఆక్సిజన్ లేనిది దాన్ని మింగేస్తుంది. 660 నానోమీటర్ల ఎర్ర కాంతి దగ్గర ఈ తేడా దాదాపు పది రెట్లు. కంటికి కనబడని పరారుణ కాంతిలో, 940 నానోమీటర్ల దగ్గర, వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ ఆక్సిజన్ ఉన్నదే కాస్త ఎక్కువ మింగుతుంది.

"అయితే ఇంకేం, వేలికి ఒకవైపు నుంచి ఎర్ర లైటు వేసి రెండోవైపు ఎంత వచ్చిందో కొలిస్తే సరి" అనిపిస్తుంది. కుదరదు. వేల్లో చర్మం, కొవ్వు, ఎముక, గోరు, సిరల్లో తిరిగివెళ్తున్న వాడేసిన రక్తం అన్నీ ఉన్నాయి, అన్నీ కాంతిని మింగేవే. మనకు కావలసింది ధమనుల్లోని తాజా రక్తం ఒక్కటే. దాన్ని మిగతావాటి నుంచి ఎలా విడదీస్తాం?

ఇలా ఊహించుకోండి. ఒక పెద్ద తెర. దాని వెనక వందమంది కిక్కిరిసి నిలబడ్డారు. వాళ్ల వెనక ఒక దీపం. తెర మీద పడేది ఒక పెద్ద గుబురు నీడ, అందులో ఎవరు ఎవరో తెలియదు. ఆ వందమందిలో తొంభైతొమ్మిది మంది రాయిలా కదలకుండా ఉన్నారు. ఒక్కడు మాత్రం లయగా లేస్తూ కూర్చుంటూ ఉన్నాడు. అతను లేచినప్పుడల్లా తెర మీద వెలుగు కొంచెం తగ్గుతుంది, కూర్చోగానే మళ్లీ పెరుగుతుంది. ఆ పెరిగి తరిగే వంతు మొత్తం అతనిదే. మిగతా తొంభైతొమ్మిది మంది ఎంత లావో, ఎంత నల్లటి బట్టలు వేసుకున్నారో మనకు అక్కర్లేదు.

వేల్లో ఆ లేచి కూర్చునేది ధమని. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది ఉబ్బుతుంది, ఆ క్షణంలో కాంతి ఒకటి రెండు శాతం తగ్గుతుంది. ఎముక ఉబ్బదు. గోరు ఉబ్బదు. సిరలు దాదాపు ఉబ్బవు.

ఇప్పుడు అతని చొక్కా రంగు తెలియాలి. దానికి రెండు దీపాలు పెట్టండి, ఒకటి ఎర్రది, ఒకటి పరారుణం. అతను లేచినప్పుడు ఎర్ర దీపం వెలుగు ఎంత తగ్గింది, పరారుణం ఎంత తగ్గింది? చొక్కా ఎర్ర కాంతిని పోనిచ్చే రకమైతే ఎర్ర వెలుగు కొద్దిగానే తగ్గుతుంది. మింగే రకమైతే బాగా తగ్గుతుంది. ఒక దీపం పెద్దది, ఒకటి చిన్నది అయితే లెక్క తప్పదా? తప్పదు. తగ్గుదలను ఆ దీపం మొత్తం వెలుగుతో భాగిస్తే దీపం సైజు కొట్టుకుపోతుంది. వేలు లావైనా సన్నమైనా అదీ కొట్టుకుపోతుంది. మనిషి ఎంత ఎత్తుకు లేచాడన్నది, అంటే నాడి ఎంత బలంగా కొట్టిందన్నది, రెండు దీపాల్లోనూ ఒకే గుణకంగా ఉంటుంది కాబట్టి ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే అది కూడా పోతుంది. చివరికి మిగిలేది చొక్కా రంగు ఒక్కటే. ఈ రెండు భాగహారాలను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కాంతి శోషణ సూత్రాన్ని బోర్డు మీద రాసి, లాగరిథమ్ తీయించి, మార్కులు వేసి వదిలేస్తాం. ఆ పాఠం మొదలయ్యేముందు పిల్లలకు ఒకసారి ఈ తెర చూపిస్తే ఎంత బాగుంటుంది!

ఒక లెక్క చేద్దాం. ఎర్ర కాంతి 100 వంతులు వస్తోంది, నాడి కొట్టగానే 99 అవుతుంది, అంటే తగ్గుదల 1 శాతం. పరారుణం 200 వంతులు వస్తోంది, 196 అవుతుంది, అంటే 2 శాతం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.5. స్థూలంగా లెక్కించడానికి ఒక సూత్రం ఉంది: 110 లోంచి ఈ నిష్పత్తికి 25 రెట్లు తీసేయాలి. 110 లోంచి 12.5 పోతే 97.5. స్క్రీన్ మీద 98 కనిపిస్తుంది. నిష్పత్తి 1 అయితే 85 వస్తుంది. ఈ 85 అంకె గుర్తుపెట్టుకోండి. రోగి వణుకుతూ చెయ్యి ఊపేస్తుంటే ఆ కుదుపు రెండు కాంతుల్లోనూ సమానంగా పడి నిష్పత్తిని 1 వైపు లాగుతుంది, మీటర్ 85 దగ్గర తచ్చాడుతుంది. కొన్ని మందుల వల్ల రక్తంలో మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్‌ని మోయలేకుండా మారిపోయిన హిమోగ్లోబిన్) బాగా పెరిగినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అది రెండు కాంతులనూ ఇంచుమించు ఒకేలా మింగుతుంది. కదలకుండా ఉన్న మనిషిలో, ఎంత ఆక్సిజన్ ఇచ్చినా మీటర్ 85 దగ్గరే మొండికేస్తే అనుభవమున్న మత్తు డాక్టర్‌కి వెంటనే అనుమానం వస్తుంది.

ఈ ఆలోచన ఎవరికి, ఎలా వచ్చింది? తకువో అవోయాగి అనే జపాన్ ఇంజినీరుకి. 1970ల మొదట్లో ఆయన నిహోన్ కోడెన్ కంపెనీలో పనిచేస్తున్నారు. ఆక్సిజన్ కొలవాలన్నది ఆయన లక్ష్యం కానే కాదు. గుండె నిమిషానికి ఎంత రక్తం తోడుతోందో కొలవాలని ఆయన ప్రయత్నం. రక్తంలోకి ఒక రంగు పంపి, చెవి తమ్మెలోంచి కాంతి వేసి, ఆ రంగు ఎలా పలచబడుతోందో గీత గీయాలి. కానీ గీత నున్నగా రావడం లేదు. నాడి కొట్టినప్పుడల్లా అలలు అలలుగా వణుకుతోంది. ఆ వణుకు ఆయనకు పెద్ద తలనొప్పి. దాన్ని చెరిపేయడానికి రెండో కాంతిని పెట్టి, ఒక అలను ఇంకో అలతో కొట్టేశారు. బాగానే పోయింది. అయితే రక్తంలో ఆక్సిజన్ మారినప్పుడు మాత్రం ఆ లెక్క చెడి అల మళ్లీ పైకి తేలుతోంది.

ఇంకొకరైతే విసుక్కుని ఇంకా గట్టి ఫిల్టర్ కోసం వెతికేవారు. ఆయన ఆగి ఆలోచించారు. ఆక్సిజన్ మారితే అల తేలుతోందంటే, ఆక్సిజన్ సంగతి చెబుతున్నది ఆ అలే కదా! అప్పటిదాకా పారేయాలనుకున్న చెత్తే కొలవాల్సిన అసలు సరుకు. 1974లో పేటెంట్‌కి దరఖాస్తు వెళ్లింది. మినోల్టా అనే మరో జపాన్ కంపెనీ దాదాపు అదే ఆలోచనతో కొన్ని వారాల తేడాతో దరఖాస్తు పెట్టింది. వీళ్లకంటే ముందు ఆక్సిజన్‌ని కాంతితో కొలవాలని చూసినవాళ్లు తక్కువ తిప్పలు పడలేదు. 1940ల్లో ఎర్ల్ వుడ్ చెవిని గట్టిగా నొక్కి, రక్తమంతా పోయాక ఒకసారి, వదిలాక ఇంకోసారి కొలిచేవారు. 1970ల్లో ఇంకో పరికరం చెవిని వేడి చేసి ఎనిమిది రకాల కాంతులతో కొలిచేది. రక్తం లేని చెవికీ ఉన్న చెవికీ తేడాను గుండె ప్రతి సెకనూ తనంతట తానే చూపిస్తోందని అవోయాగి గ్రహించారు.

అక్కడి నుంచి ఆపరేషన్ థియేటర్‌లోకి రావడానికి మరో పదేళ్లు పట్టింది. బల్బులూ ఫిల్టర్లూ పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి. ఆ రెండు ఎల్‌ఈడీలు సెకనుకు వందలసార్లు వంతులవారీగా వెలుగుతాయి. రెండూ ఆరిపోయిన ఆ కాస్త వ్యవధిలో పరికరం గదిలోని వెలుగును కొలిచి లెక్కలోంచి తీసేస్తుంది. అమెరికాలో విలియం న్యూ అనే మత్తు డాక్టర్ 1981లో ఇంకొందరితో కలిసి నెల్‌కోర్ కంపెనీ పెట్టారు. వాళ్ల పరికరానికి ఒక శబ్దం ఇచ్చారు. ప్రతి నాడికి ఒక బీప్, ఆక్సిజన్ తగ్గితే ఆ బీప్ స్వరం కూడా దిగుతుంది. నా లెక్కలో ఇది ఆ భాగహారాలంత గొప్ప ఆవిష్కరణ. థియేటర్‌లో అందరి కళ్లూ వేరే పనిలో ఉంటాయి. సర్జన్ కోత మీద, నర్సు పనిముట్ల మీద, మత్తు డాక్టర్ సిరంజి మీద. చెవులు మాత్రం ఖాళీ. స్వరం ఒక మెట్టు దిగగానే ఎవరూ ఏమీ చెప్పకుండానే అందరూ ఒకేసారి తల ఎత్తుతారు.

మరి ఇది ప్రాణాలు నిలబెట్టిందని లెక్కల్లో తేలిందా? 1993లో డెన్మార్క్‌లో 20,802 మంది రోగుల మీద చేసిన పెద్ద అధ్యయనం వెలువడింది. సగం మందికి ఈ పరికరం పెట్టారు, సగం మందికి పెట్టలేదు. పెట్టినవాళ్లలో ఆక్సిజన్ పడిపోవడాన్ని 19 రెట్లు ఎక్కువగా పట్టుకున్నారు. కానీ చావుల సంఖ్యలో తేడా తేలలేదు. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మత్తు వల్ల చనిపోవడం అప్పటికే చాలా అరుదు, అంత అరుదైన విషయంలో తేడా కనిపించాలంటే ఇరవై వేలమంది చాలరు. ఇంకో సంగతి, క్లిప్పు ఆక్సిజన్ ఇవ్వదు. విని, గొట్టం సరిచేసే మనిషి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, మత్తు ఇవ్వకముందే ఈ పరికరం రోగికి తగిలించి పనిచేస్తోందో లేదో గట్టిగా చదివి చూసుకోవాలన్నది ఒక అంశం. ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్టు వాడకముందు 1.5 శాతం ఉన్న మరణాలు వాడాక 0.8కి తగ్గాయి. ఆ ఘనత క్లిప్పు ఒక్కదానిదే కాదు, జాబితా మొత్తానిది, దాన్ని చదివిన మనుషులది.

ఇంకో పరికరం పేరు చెప్పకపోతే అన్యాయం. బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే క్యాప్నోగ్రాఫ్. గొట్టం పొరపాటున అన్నవాహికలోకి వెళ్తే అది కొన్ని ఊపిర్లలోనే చెప్పేస్తుంది. మన క్లిప్పు నిమిషాల తర్వాత గానీ చెప్పదు, ఎందుకంటే ముందుగా నింపిన ఆక్సిజన్ ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంటుంది.

కోవిడ్ రోజుల్లో ఈ క్లిప్పులు ఇళ్లలోకి వచ్చినప్పుడు, ఆ ఎర్ర వెలుగు ఒంట్లోకి చెడు కిరణాలు పంపుతుందని కొందరు భయపడ్డారు. అది టార్చి లైటుకి వేలు అడ్డం పెట్టడం లాంటిదే, ఏ హానీ లేదు. భయపడాల్సింది ఇంకోచోట. పొగలో చిక్కుకున్న మనిషి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్ర కాంతి దగ్గర ఆక్సిజన్ ఉన్నదానిలాగే కనిపిస్తుంది. మనిషి ప్రాణం పోతున్నా మీటర్ 98 చూపించగలదు. ఆ 2020 ఏప్రిల్‌లోనే, ప్రపంచమంతా వేళ్లకు క్లిప్పులు పెట్టుకుంటున్న వేళ, అవోయాగి 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇక నమ్మకం సంగతి. నిష్పత్తి నుంచి శాతానికి వెళ్లే పట్టిక వట్టి సిద్ధాంతంతో తయారవదు, ఎందుకంటే వేల్లో కాంతి తిన్నగా వెళ్లక చెదిరిపోతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు ఆక్సిజన్ తక్కువున్న గాలి ఇచ్చి, మెల్లగా 70 శాతం దాకా దించుతూ, మధ్యమధ్యలో ధమనిలోంచి రక్తం తీసి పోల్చి ఆ పట్టిక రాస్తారు. ఇందులోనే ఒక పెద్ద లోపం చాలాకాలం దాగి ఉంది. చర్మం నలుపు, కదలని ఆ తొంభైతొమ్మిది మందిలో ఒకటి కాబట్టి భాగహారంలో కొట్టుకుపోవాలి. పూర్తిగా పోవడం లేదు. ఎల్‌ఈడీ ఇచ్చేది ఒకే తరంగ దైర్ఘ్యం కాదు, చిన్న పట్టీ. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఆ పట్టీలో ఒక అంచును ఎక్కువ మింగి దీపం రంగునే కాస్త జరిపేస్తుందన్నది ఒక వివరణ. 2020 చివర్లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, మీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా ధమని రక్తంలో నిజంగా 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. అప్పటికి ఉన్న అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఒక కొత్త మీటర్‌ని పదిమంది మీద పరీక్షిస్తే చాలు, వారిలో ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు ఇద్దరుంటే సరిపోయేది. 2025 జనవరిలో తెచ్చిన ముసాయిదాలో ఆ పదిని 150కి పెంచి, అన్ని రంగుల చర్మాలూ వాటిలో ఉండాలని అడిగారు.